బురదనీళ్లకు తగిన లైటు

మా ఆయన బతుకంతా పడవల కిందే. రేవులో ప్రయాణికుల పడవ ఆగగానే నీళ్లలోకి దిగాలి, అడుగున పగుళ్లున్నాయేమో చూడాలి, అరచేతిలో ఇమిడే కెమెరాతో వీడియో తీసి ఇంజినీరుకు చూపించాలి. బొమ్మ సరిగా రాకపోతే మళ్లీ దిగాలి. అక్కడే వచ్చింది తంటా. నీటి ఒత్తిడికి ఎడమచెవి దెబ్బతింది. "రోజుకు ఒక్కసారి దిగితే దిగండి. మళ్లీ మళ్లీ దిగారంటే ఆ చెవి మీది కాదనుకోండి," అని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. పాత లైటేమో దిక్కుమాలింది, వీడియోలో చీకటి తప్ప ఏమీ ఉండదు. రెండోసారి దిగిన రోజు ఆ చెవి దగ్గర నేను అరిచినా ఉలకడు, పలకడు. నాకు ఒకటే దడ.

కొత్త లైటు కొందామని ఇద్దరం కెమెరాల కొట్టుకు వెళ్లాం. అన్నిటికన్నా పెద్దది కనపడగానే ఈయన కళ్లు దానికే అతుక్కుపోయాయి. కొట్టాయన గాజుతొట్టిలో నీళ్లు పోసి, అడుగున ఒక తాళంచెవి పడేసి, కెమెరాకు ఆ లైటు బిగించి ముంచాడు. తాళంచెవి తళతళలాడింది.

"చూశావా! పట్టపగలే!" అని ఈయన మురిసిపోయాడు.

"ఇవి తాగే నీళ్లండీ. మీరు దిగేవి ఇలా ఉంటాయా? మీరు నీళ్లలో దిగే సూటు కడిగితే నా బాత్రూమంతా బురదే."

"ఇక్కడ బురద ఎక్కణ్ణుంచి తెస్తావే?"

గుమ్మం పక్కన పూలకుండీ ఉంది. ఇంకేం, గుప్పెడు మట్టి తెచ్చి తొట్టిలో వేసి, మోచేతిదాకా చెయ్యి పెట్టి కలిపేశాను.

"అమ్మా, అమ్మా! ఏం చేస్తున్నారండీ!" కొట్టాయన లబోదిబోమన్నాడు.

"తొట్టి నేనే కడిగిపెడతాలెండి. ముందు లైటు వెయ్యండి."

వేశాడు. కెమెరా తెరంతా తెల్లటి పొగమంచు. తాళంచెవి సంగతి సరే, తొట్టి అడుగే లేదు. వెలుగు పెంచినకొద్దీ తెలుపు పెరిగింది. మా ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. దీన్నే పట్టుకెళ్లి ఉంటే ఆ చెవి గతేం కాను?

కొట్టాయన కోపం మరిచిపోయి తొట్టిలోకి వంగి చూశాడు. "లైటు లెన్సు పక్కనే ఉంటే మధ్యలో ఉన్న మట్టిరేణువులే మెరుస్తాయి సార్. ఉండండి," అని లోపల్నుంచి చిన్న లైటొకటి, మోచేతిలా వంగే కడ్డీ తెచ్చాడు. ఈ లైటు వెలుగు ఒకేచోట పొడుచుకుపోకుండా వెడల్పుగా పరుచుకుంటుందట. కడ్డీ బిగించి, లైటును కెమెరాకు దూరంగా జరిపి, పక్కనుంచి వాల్చి, వెలుగు తగ్గించాడు. కాస్త మసకగానే అయినా తాళంచెవి పళ్లతో సహా కనపడింది.

"ఇంత చిన్నదా?" అని మా ఆయన గొణిగాడు.

"ఇదే," అన్నాను.

మర్నాడు ఈయన రేవుకు వెళ్లాక నాకు కాలు నిలవలేదు. మధ్యాహ్నానికే గేటు చప్పుడైంది. ఇంత తొందరగా వచ్చేశాడేమిటని గుమ్మంలోకి పరిగెత్తాను.

"ఏమైందండీ?"

"ఏమీ కాలేదే. ఇంజినీరు వీడియో చూసి, అంతా కనపడిందయ్యా, ఇక ఇంటికెళ్లు అన్నాడు. ఒక్కసారే దిగాను."

హమ్మయ్య! అక్కడే గడప మీద కూర్చుండిపోయాను. ఈయన కుర్చీలో ఒరిగి కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి లేచి ఆ ఎడమచెవి పక్కకు చేరి, నాకే వినపడనంత మెల్లగా అన్నాను.

"ఆ లైటు ఏరింది ఎవరండీ?"

"నువ్వేలేవే తల్లీ," అన్నాడు కళ్లు తెరవకుండానే. "అరవకు."