ఓడిన ఓపెనింగుతోనే

తొంభైలలో ఒక ఆదివారం గుడివాడలో బందరు బస్సెక్కాను. నా పక్కన కూర్చున్నావిడకు నలభై ఏళ్ళుంటాయి. చీరకు చెస్ టోర్నమెంటు బ్యాడ్జీ ఇంకా అలాగే ఉంది. ముఖం వెలిగిపోతోంది.

"గెలిచారాండీ?" అన్నాను.

"లేదండీ, డ్రా!" అన్నారు సంబరంగా.

ఆవిడతో ఆడినాయన జిల్లాలో పేరున్న ఆటగాడట. ఆయన మీద ఆవిడ ఎప్పుడూ ఫ్రెంచ్ డిఫెన్స్ అనే ఓపెనింగుతోనే ఆట మొదలుపెట్టి, ప్రతిసారీ ఓడిపోయారట. ఈరోజూ దానితోనే మొదలుపెడితే ఆయన నవ్వాడట. సాయంత్రమయ్యేసరికి ఆయనే చెయ్యి చాపి డ్రా అడిగాడట.

"ఓడిపోతున్నప్పుడు ఆ ఓపెనింగు మార్చేయొచ్చు కదండీ?"

"మార్చేస్తే నా తప్పెక్కడుందో నాకెప్పటికి తెలుస్తుందండీ?" అంటూ ఒళ్ళో సంచినే చెస్ బోర్డు చేసుకుని వేలు ఆనించి చూపించారు. "ఇక్కడుండే బంటుని ఎప్పుడూ తొందరపడి ముందుకి తోసేదాన్ని. ఇవాళ ఆగాను."

బందరులో దిగి ఆవిడ రిక్షా ఎక్కి వెళ్ళిపోయారు.

నేనప్పుడు కొత్తగా చేరిన టీచర్ని. తొమ్మిదో తరగతి పిల్లల అల్లరికి తట్టుకోలేక, ఆ క్లాసు ఇంకెవరికైనా ఇమ్మని హెడ్మాస్టరుగారిని అడగాలనుకున్నాను. సోమవారం ఆయన గది దాటి నేరుగా తొమ్మిదో తరగతికి వెళ్ళాను. శనివారం అల్లరిలో ఆగిపోయిన పాఠాన్నే మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను.