మగ్గం గుంజ మీద రెండు దెబ్బలు

మా ఆడబిడ్డ పోయిన శుక్రవారం దవాఖానలో కన్నుమూసింది. దేవుడి ముందు దీపం పెట్టి లేస్తుంటే మా ఆయన ఫోన్ చేశాడు. "పోయిందే" అన్నాడు, అంతే. చౌటుప్పల్‌లో ఆమెను ఎరిగినవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను కాపురానికి వచ్చేనాటికి ఆమె బడికి పోయే పిల్ల. సెలవుల్లో మధ్యాహ్నం పూట మగ్గం నేసేది. నేను పక్క గదిలో కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుట్టేదాన్ని. పోగుల మధ్య అటూ ఇటూ విసిరే నాడెలో కండె అయిపోతే నన్ను పిలవాలి. అరిస్తే కునుకు తీసే అత్తమ్మ లేస్తుంది. అందుకని నాడెతో మగ్గం గుంజ మీద రెండు దెబ్బలు కొట్టేది. నేను కొత్త కండె తీసుకుపోయి ఇచ్చేదాన్ని.

తర్వాత పెద్ద చదువు చదివి మందుల కంపెనీ ప్రయోగశాలలో చేరింది. ఈస్ట్ మీద పని. కల్లును పులియబెట్టేది అదేనంటే నాకు ఒళ్లు జలదరించింది.

"రామ రామ! నా వంటింట్ల కల్లు ముచ్చటేంది పిల్లా?"

"శనివారం ఒక్కపొద్దుకు బన్ను తింటవ్ గద వదినా, దాన్ని పొంగిచ్చేది గూడ గిదే!"

ఈస్ట్ కణం తాను తయారుచేసిన ప్రోటీన్లను బయటికి పంపడానికి మామూలు తోవ ఒకటి ఉంటుందట. ఆ తోవన పోయేవాటికి ముందే ఒక గుర్తు ఉంటుంది. కానీ కణాన్ని ఆకలితో ఉంచితే, గుర్తులేనివి కొన్ని వేరే తోవన బయటపడతాయట. అవి బయట కనబడ్డప్పుడల్లా ఆమెకు భయమే. కణం చచ్చి పగిలితే కారినవా, బతికుండి పంపినవా? రంగు వేసి చూసేది. చచ్చిన కణానికి రంగు పడుతుంది.

"మనింట్ల నూలుకు రంగు పట్టకుంటే ఏడుస్తం, ఆడ పట్టకుంటే నాకు సంబురం" అనేది. "పగిలిందో, పంపిందో ముందు చూడాలె వదినా. చూడకుంట సచ్చిందనొద్దు."

ఈమధ్య ఆమెకు ఉన్నట్టుండి మెదడులో నరం చిట్లింది. దవాఖానలో ఊపిరి ఆడడానికి గొంతులో గొట్టం వేశారు. పిలిస్తే కళ్లు తెరవలేదు. గొట్టం ఉంచాలో తీసేయాలో ఆలోచించుకోమన్నాడు డాక్టరు. "ఇంక బాధ పెట్టుడెందుకే, ఇంటికి తీస్కపోదాం" అని మా ఆయన ఏడ్చాడు. లోపల ఉండి మా మాటలన్నీ వింటుంటే? రామా రామా అనుకుంటూ మంచం పక్కనే నిలబడ్డాను.

మంచం ఇనుప కమ్మీ మీద ఆమె గోరు తగిలింది. రెండుసార్లు. వణుకేమో అనుకున్నాను. కాసేపటికి మళ్లీ రెండు.

నా చేతిలో కండె లేదు. కొంగు చివర కండెలా చుట్టి ఆమె అరచేతిలో పెట్టాను. వేళ్లు ముడుచుకున్నాయి.

"అయ్యా, మా పిల్ల ఉన్నది! కండె అడుగుతాంది!" అని అరిచాను. పుట్టి బుద్ధెరిగి నేను అంత గట్టిగా అరిచింది లేదు. డాక్టరు వచ్చి, వినబడితే కొట్టమన్నాడు. కొట్టింది.

గొట్టం తీయలేదు. మరికొన్ని రోజులు మా మధ్య ఉంది. నేను స్తోత్రం చదవబోతే రెండు దెబ్బలు కొట్టేది. "కండె కావాల్నా, నా సదువు ఆపాల్నా?" అంటే మూసిన రెప్పలు కదిలేవి. ఆఖరికి నరం మళ్లీ చిట్లింది. ఈసారి నేను కొంగు చుట్టి పెట్టినా వేళ్లు ముడుచుకోలేదు.

ఆనాడు ఆ గోరు చప్పుడు వినకపోయి ఉంటే అన్న భయం నన్ను ఇంకా వదలలేదు. మధ్యాహ్నం కండె చుట్టి ఒళ్లో పెట్టుకుంటాను. రాట్నం ఆపి, మగ్గం దిక్కు చెవి పెడతాను.