క్లైమాక్స్ చూడని నర్సింలన్న

నిన్న పొద్దున పేపర్ ఆఫీసులో డెస్క్ దగ్గర ఉన్నాను. యాదయ్య ఫోన్.

"అన్నా, మా అన్న పోయిండే."

ఏ అన్న అని అడిగాను. అడగాల్సిన పని లేదు. యాదయ్యకు ఉన్నది ఒక్కడే అన్న.

మా చేవెళ్ల పక్క ఊరు ముడిమ్యాల నర్సింలన్న.

జ్వరమని దవాఖానలో చేరాడు. మొన్న సాయంత్రమే నాతో ఫోన్‌లో మాట్లాడాడు. "మంచిగనే ఉన్న. ఆదివారం ఏం సినిమా ఉన్నదో చూసిపెట్టు" అన్నాడు. నిన్న పొద్దున గుండె ఆగిపోయింది.

కొన్నేళ్ల కిందటైతే ఈ ఫోన్ యాదయ్య దగ్గర నుంచి వచ్చేది కాదు. ఆ సంగతే రాస్తున్నాను.

నర్సింలన్న టమాట పండించేవాడు. సినిమాలు చూసేవాడు. సిటీలో ఏ సినిమా పూర్తిగా చూడలేదు.

ఇది మా చేవెళ్ల వాళ్లందరి అలవాటే. ఫస్ట్ షోకి వెళ్తే, మెహదీపట్నంలో ఆఖరి బస్సు అందాలంటే క్లైమాక్స్‌కు ముందే లేవాలి. విలన్ హీరోయిన్‌ను గోడౌన్‌లో కట్టేసే టైమ్‌కి మేము సీట్ల కింద చెప్పులు వెతుక్కునేవాళ్లం.

మిగతా సినిమా బస్సులో నడిచేది.

నర్సింలన్న ముగింపు చెప్పేవాడు. పక్క సీట్ల వాళ్లు ఒప్పుకునేవాళ్లు కాదు. మొయినాబాద్ దాటేసరికి ఏదో ఒక క్లైమాక్స్ ఖాయమయ్యేది. ఒకసారి కండక్టర్ టికెట్లు కొట్టడం ఆపి, "చంపకుండ్రయ్యా, జైల్ల పెట్టుండ్రి" అని తీర్పు కూడా చెప్పాడు.

తర్వాత నేను కారు కొన్నాను. ఆయన అలవాటు పోలేదు. మల్టీప్లెక్స్‌లోనూ ఇంకో పది నిమిషాలున్నాయనగా లేచేవాడు.

"బస్సు లేదే అన్నా, కారున్నది. కూసో."

"వాడు చెప్తే వాని సినిమా. మనం చెప్పుకుంటే మనది. లే."

అట్లా ఒక మధ్యాహ్నం వెస్టర్న్, అంటే కౌబాయ్ సినిమాకు వెళ్లాం. తెలుగు డబ్బింగ్.

ఒక ముసలాయన. కొడుకు దాక్కున్న చోటును ఆయన స్నేహితుడే సిపాయిలకు చెప్పాడు. కొడుకును ఉరి తీశారు. ముసలాయన తుపాకీ పట్టుకుని, గుర్రమెక్కి, ఆ స్నేహితుణ్ని వెతుక్కుంటూ ఎడారి దాటుతాడు.

సగం సినిమా అయ్యాక ఇంకో సంగతి తెలుస్తుంది. కొడుకు నిజంగానే హత్య చేశాడు. పట్టివ్వకపోతే సిపాయిలు ఊరు మొత్తం తగలబెట్టేవాళ్లు.

స్నేహితుడు పిరికివాడే. ఊరిని కాపాడిందీ వాడే. ముసలాయన కడుపుకోత నిజమే. దారిలో ఏ పాపం చేయని ఒకణ్ని కాల్చిందీ ఆయనే. ఎవరిది తప్పో సినిమా చెప్పలేదు. నాకు అది నచ్చింది.

చివరికి ముసలాయన ఆ ఇంటి ముందు గుర్రం దిగుతాడు. స్నేహితుడి కూతురు, వచ్చింది ఎవరో తెలియక, నీళ్లిస్తుంది. తాగుతాడు. లోపల నుంచి స్నేహితుడు బయటికి వస్తాడు. ముసలాయన చెయ్యి తుపాకీ మీదికి పోతుంది.

నర్సింలన్న లేచాడు.

కారులో పంచాయితీ మొదలైంది.

"కాల్వడు" అన్నాడు.

"కాలుస్తడే. అంత దూరం నీళ్లు తాగనీకె వచ్చిండా?"

"ఆ ఇంటి నీళ్లు తాగినంక ఎట్ల కాలుస్తడు?"

"వాడు ముడిమ్యాలోడు కాదన్నా, అమెరికోడు."

"అమెరికోనికి దూప కాదా?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. అప్పుడు నాకు వెలిగింది.

వాళ్ల బాపు సమాధి పొలంలోనే ఉంది. ఆ పొలం చెక్క యాదయ్య వాటాకు వచ్చింది. బిడ్డ ఆపరేషన్ కోసం యాదయ్య దాన్ని అమ్మేశాడు. చెబితే వద్దంటాడని అన్నకు చెప్పలేదు. కొన్నవాళ్లు ఫార్మ్‌హౌస్ కట్టి చుట్టూ గోడ పెట్టారు. సమాధి గోడ లోపల పడింది. పెద్దలకు పెట్టుకునే పెత్రమాసనాడు బాపుకు దండం పెట్టుకోవాలంటే వాచ్‌మన్‌ను బతిమాలాలి.

బిడ్డ బతికింది. అన్నదమ్ములకు మాటలు పోయాయి.

మొయినాబాద్ దాటాం. క్లైమాక్స్ ఖాయం కాలేదు. చేవెళ్ల కూడా దాటాం. ముడిమ్యాలలోకి వచ్చాక అన్నాడు.

"యాదయ్య ఇంటికాడ ఆపు."

నేను కారు దిగలేదు. యాదయ్య గడపలోకి వచ్చి నిలబడ్డాడు. నర్సింలన్న తమ్ముణ్ని దాటి ఇంట్లోకి చూశాడు.

"బిడ్డా, జర మంచినీళ్లు తే."

ఆపరేషన్ అయిన ఆ పిల్లే చెంబు తెచ్చింది. నిలబడే మొత్తం తాగాడు.

"కూసో అన్నా" అన్నాడు యాదయ్య.

కూర్చున్నాడు. కూర్చుని, నా వైపు తిరిగి అరిచాడు.

"నువ్వు పోరాదు రిపోర్టరూ! గిదేమన్న వార్తనా?"

గోడ ఇప్పటికీ ఉంది. సమాధి లోపలే ఉంది. పెత్రమాసకు ఇద్దరూ కలిసి పోయి గేటు కొట్టేవాళ్లు. "ఒక్కన్ని పోతే వాచ్‌మన్ సవాల్ జేస్తడు. ఇద్దరం పోతే నమస్తే పెడ్తడు" అనేవాడు నర్సింలన్న.

ఆ సినిమా ఆఖరి పది నిమిషాలు నేను తర్వాత ఇంట్లో చూశాను. నీళ్లు తాగిన ముసలాయన కాల్చాడు.

నర్సింలన్న అడగలేదు. నేను చెప్పలేదు.

నిన్న దవాఖానలో పక్కన ఉన్నది యాదయ్యే. "దూపైతున్నది" అంటే చెంచాతో నీళ్లు పోశాడట. రెండు గుక్కలు మింగి, "చాలు తమ్మీ" అన్నాడట. ఆ తర్వాత మాట్లాడలేదు.

సాయంత్రం పాడెకు ముందు భుజం పట్టింది కూడా యాదయ్యే.

రెండు ముగింపులూ చూసినవాణ్ని నేనొక్కణ్నే. ముడిమ్యాలదే బాగుంది.

సెలవు, నర్సింలన్నా.

ఇప్పుడు అందుకోవాల్సిన బస్సు లేదు. నిమ్మళంగా చివరిదాకా కూసో.