పెదనాన్న ఓడ కాగితాలు

మా పెద్దమ్మ ముప్పై ఏళ్ళు పైబడి ముత్తైదువగా ఉండడానికి ఒకటే ఆధారం: పెదనాన్నకు ఈత వచ్చు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆయన మద్రాసు రేవులో సైనికుల్ని మోసే ఓడ ఎక్కి, అడుగున బాయిలర్లకు బొగ్గు వేసే పనిలో చేరాడు. ఓడ మునిగిందని, ఆయన జాడ తెలియలేదని ఇంటికి ఒక కార్డు వచ్చింది. అంతే. పన్నెండేళ్ళు చూశాక, దర్భలతో బొమ్మ చేసి దహనం చేద్దామని మా ఊరు తిరుత్తణిలో పెద్దలు కూర్చున్నారు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. మా చేని బావిలో పెదనాన్న ఈతను చూసినవాళ్ళెవరూ ఆమెకు ఎదురు చెప్పలేకపోయారు. ఏటా ఆడికృత్తిక పండక్కి తలనిండా పూలు పెట్టుకుని గుడి కొండెక్కి వచ్చేది.

డెబ్బైల చివర్లో నేను మద్రాసులో చరిత్ర ఎం.ఏ. చదువుతూ రోజూ రైల్లో పోయి వచ్చేవాణ్ణి. యుద్ధకాలపు ఓడల మీద వ్యాసం రాయాలి. పాత కాగితాల దుమ్ముకు తుమ్మడం కూడా ఘనకార్యమనుకునే వయసు. ఒకనాడు రికార్డుల ఆఫీసులో పెదనాన్న ఓడ తాలూకు కాగితాల కట్ట దొరికింది. చనిపోయినవాళ్ళ జాబితా, బతికి బయటపడ్డ ఒక అధికారి విచారణలో ఇచ్చిన వాంగ్మూలం. జాబితాలో పెదనాన్న పేరు, ఊరు ఉన్నాయి. నాకు ఏడుపు రాలేదు. దొరికిందని సంబరపడ్డాను. ఆ సంబరం తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. రెండింటికీ నకలు రాసుకుని, తిరువళ్ళూరు దాటేదాకా మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

ఇంట్లో మొదట చిన్నాయనకు చెప్పాను. అందరి ముందూ చదవమన్నాడు. పెద్దమ్మ వంటింటి గడపలో కూర్చుంది. జాబితా విని నమ్మలేదు.

"నీళ్ళల్లో దూకినోళ్ళను ఎవురు లెక్కబెట్టినారు నాయనా? మీ పెదనాయనకు ఈత వచ్చు గదా."

అక్కడ ఊరుకోవాల్సింది. నా కాగితాన్ని నమ్మలేదని నాకు రోషం వచ్చింది. వాంగ్మూలాన్ని తెలుగులో చెబుతూ పోయాను. ఓడకు దెబ్బ తగిలింది. నీళ్ళు పైకి రాకుండా బాయిలర్ గది ఇనుప తలుపు బయటినుంచి బిగించారు. లోపలివాళ్ళు కొంతసేపు తలుపు బాదారు, తర్వాత బాదలేదు. అందువల్ల మిగిలినవాళ్ళకు పడవలు దింపుకునే వ్యవధి చిక్కింది.

చిన్నాయన తల దించుకున్నాడు. ఆ తలుపు మూసింది ఎవరని పెద్దమ్మ అడిగింది. ఈ వాంగ్మూలం ఇచ్చిన అధికారేనని చెప్పాను. ఆమె నా చేతిలోని కాగితం వైపు చూసింది.

"అయితే వీళ్ళు బాదింది ఆయప్పకు వినబడింది," అంది.

నేను అవునన్నాను. ఆమె చిన్నమ్మను దగ్గరికి పిలిచి రెండు చేతులూ చాపింది, గాజులు తీసెయ్యమని. చిన్నమ్మ ఏడుస్తూ ఒక్కొక్కటే తీస్తుంటే, నేను ఆ నకలు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను.