చిలకలు గుర్తుపట్టిన స్వెటర్

సాయంత్రం నాలుగూ ఇరవైకి చిలకల గూడుపెట్టె మూత తీశాను. లోపల ఇంకా కళ్లు తెరవని పిల్లలు రెండున్నాయి. ఎలా ఉన్నాయో చూద్దామని చెయ్యి పెట్టాను. తల్లి చిలక నా మణికట్టు పక్కనుంచి బయటికి దూసుకుపోయి, పంజరం పైమూల తీగను పట్టుకుంది. ఆరు దాటినా దిగలేదు.

ఆ చిలకల జత మా ఆవిడది. దోహాలో, ఉమ్ ఘువైలినా పేటలో మా ఫ్లాట్ బాల్కనీకి అద్దాలు వేసి ఉంటాయి. అక్కడే పెంచడం మొదలుపెట్టింది. మెడకు గులాబీ వలయం ఉన్నది మగది, లేనిది ఆడది. అంతకుమించి మా ఇద్దరికీ ఏమీ తెలియదు. మచ్చిక చేసేవాళ్లు వట్టి చేత్తోనే మేత పెట్టాలని అమ్మినవాడు చెప్పాడు. ఆమెకు చిలక ముక్కు అంటే భయం. ఆఫీసు ఏసీ కోసం వేసుకునే గోధుమరంగు స్వెటర్‌ని విప్పకుండా, దాని చేతుల్ని వేళ్ల మీదికి లాక్కుని పెట్టేది. డ్యూటీ నుంచి నాలుగూ ఇరవైకి వచ్చేది. చెప్పులు విప్పి నేరుగా బాల్కనీలోకే.

"నువ్వు మచ్చిక చేస్తున్నది చిలకనా, స్వెటర్‌నా?" అనేవాణ్ణి.

"మీరు పెట్టండి చెయ్యి, చూస్తాను," అనేది.

నేను పెట్టలేదు.

చిలక గుడ్లు పెట్టిన వారానికి మా ఆవిడ గుండె ఆగి పోయింది. భీమవరం దగ్గర మా చర్చి సమాధుల తోటలో ఆమెను ఉంచి, పద్దెనిమిదో రోజున దోహాకి తిరిగొచ్చాను. వచ్చిన సాయంత్రమే ఆ మూత తీశాను. నేను లేనన్నాళ్లూ మేతా నీళ్లూ చూసినవాడు మా బిల్డింగ్ వాచ్‌మన్. జగిత్యాల వైపు మనిషి. అతన్ని పైకి పిలిచాను. పెట్టెకు చెవి ఆనించి విన్నాడు.

"సప్పుడు తగ్గింది. తల్లి రెక్కల కింద లేకుంటే పిల్లలు తెల్లారేదాక ఉండయన్నా," అన్నాడు. "నువ్వెవరో దానికి ఎరుక లేదు. వదిన స్వెటర్ తొడుక్కో."

"నేనా?"

"మరి నాకు పడుతదా, ఈ పొట్టకు?"

స్వెటర్ తలుపు వెనక కొక్కేనికే ఉంది. నాకు భుజాల దగ్గర పట్టేసింది. దాని చేతిని ఆమెలాగే వేళ్ల మీదికి లాక్కుని పంజరంలో పెట్టాను. తల్లి చిలక తల పక్కకు వంచి చూసింది. ఒక్కొక్క తీగే దిగి నా చేతి మీదికొచ్చింది. పెట్టె దగ్గరికి తీసుకెళ్తే లోపలికి పోయింది. కాసేపటికి పిల్లలు అరవడం వినిపించింది.

అది చేతి మీద ఉన్నంతసేపూ నా మొహం చూడలేదు. నా గుండె ఎత్తున చూసింది. ఆమె తల నాకు అంతవరకే వచ్చేది.

డ్యూటీ మార్పించుకున్నాను. రోజూ నాలుగూ ఇరవైకి స్వెటర్ వేసుకునేవాణ్ణి. పిల్లలకు ఈకలొచ్చాయి, పెట్టె దాటి బయటికొచ్చాయి. స్వెటర్ చేతి మీద కూర్చుని నానబెట్టిన శనగలు తినేవి. నాకు అది బాగానే ఉండేది. ఆ వేళ కోసమే మిగతా రోజంతా గడిపేవాణ్ణి.

ఒక సాయంత్రం రెండు పిల్లలూ తినడం ఆపి తలెత్తాయి. నా మొహం వైపు కాదు. నా గుండె ఎత్తున. రెండూ ఒకేచోట చూస్తున్నాయి. ఆమె పోయాక పుట్టిన పిల్లలవి.

తల్లిని చూసి నేర్చుకున్నాయేమోనని వాచ్‌మన్‌తో అన్నాను. ఎప్పుడూ ఏదో ఒకటి అని నవ్వించేవాడు. ఆ రోజు నవ్వలేదు.

"ఇగ ఆ స్వెటర్ ఇడిసిపెట్టు అన్నా. బువ్వ పెట్టేది నువ్వని వాటికి ఎరుక గావద్దా?"

మర్నాడు వట్టి చెయ్యి పెట్టాను. చిన్నది కరిచింది. రక్తం వచ్చింది, అయినా చెయ్యి తీయలేదు. ఆరో రోజున అది మణికట్టు మీదికెక్కింది. గోళ్లు చల్లగా తగిలాయి. నా మొహంలోకి చూసింది.

తల్లి రాలేదు. ఇప్పటికీ నాలుగూ ఇరవైకి తీగ దగ్గరికొచ్చి, నా గుండె ఎత్తున చూస్తూ కాసేపు ఉండిపోతుంది. స్వెటర్ ఉతికి బీరువాలో పెట్టాను. దాన్ని ఇప్పుడు ఎవరూ వేసుకోవడం లేదు.