గ్రేసమ్మగారి గుమ్మంలో మేమిద్దరం

నిన్న బందరు బస్సులో నా పక్కన కూర్చున్న నర్సమ్మాయి చేతుల నుంచి డెట్టాల్ వాసన గుప్పుమంది. వెంటనే గ్రేసమ్మగారు గుర్తొచ్చారు. ఆవిడ నర్సుగా రిటైరై, బందరు పక్కనే ఉన్న గిలకలదిండిలో మా ఎదురింట్లో ఉండేవారు. వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా ముందు తిట్టి, తర్వాత మాత్ర ఇచ్చేవారు. మొదట్లో ఆవిడంటే నాకు హడలు. ఆ తర్వాత ఆవిడే నాకు ప్రాణమయ్యారు.

తొంభైల నాటి మాట. నా మొదటి కాన్పు ఆపరేషనై, నెత్తురు బాగా పోయి, చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు బయటపడ్డాను. "రెండేళ్ల దాకా మళ్లీ కడుపు రాకూడదమ్మా, వస్తే నీ ప్రాణానికే ముప్పు" అంది డాక్టరమ్మ. రాకుండా ఏం చెయ్యాలో కూడా చెప్పబోయింది. నేనే సిగ్గుతో తల దించుకుని వచ్చేశాను.

మా ఆయన బోటు మీద వేటకెళ్లేవాడు. వారానికోసారి ఒడ్డుకొచ్చే మొగుణ్ణి దగ్గరికి రావద్దని ఎలా అంటాను? అసలు అనాలనీ లేదు, పెళ్లై రెండేళ్లన్నా కాలేదు. ఆయనే ఒక ఉపాయం కనిపెట్టాడు. అమావాస్యకీ పున్నమికీ సముద్రం పొంగుతుంది కాబట్టి అప్పుడు దూరంగా ఉండాలట. నడుమ అష్టమి, నవములకు పోటు మందగిస్తుంది కాబట్టి ఏ భయమూ లేదట. నీళ్లను చూసి వల వేసేవాళ్లం, ఒంటిక్కూడా అదే లెక్క అనుకున్నాం. నవ్వకండి, మాకప్పుడు అదే శాస్త్రం.

బాబుకు ఏడో నెల నడుస్తుండగా, మళ్లీ మొదలైన నెలసరి ఉన్నట్టుండి ఆగిపోయింది. వాడికి పాలిస్తూ, నేను పోతే వీడు ఎవరి ఒళ్లో పెరుగుతాడోనని కుమిలిపోయేదాన్ని. చివరికి తెగించి గ్రేసమ్మగారి గుమ్మమెక్కాను.

అంతా విని ఆవిడ అన్న మొదటి మాట, "మీ ఆయనేడే?"

"ఆయనెందుకండీ? సిగ్గుపడతారు."

"పిల్లాడు పుట్టడానికి అడ్డం రాని సిగ్గు ఇప్పుడొచ్చిందా? ఇద్దరూ వస్తేనే నేను నోరు విప్పేది. వెళ్లి తీసుకురా."

మా ఆయన వచ్చి, ముక్కాలి పీట అంచున కూర్చుని, నేల చూపులు చూస్తూ తన పోటు లెక్క చెప్పాడు. గ్రేసమ్మగారు కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు. "ఓరి నాయనో! సముద్రానికీ దీని కడుపుకీ ఏం చుట్టరికంరా అబ్బాయ్?" తర్వాత గొంతు తగ్గించి, "దీనికి కోసిన చోటు ఎప్పుడన్నా చూశావా?" అని అడిగారు. ఆయన తల అడ్డంగా ఊపాడు. "చూడు. లోపల కూడా అంత కోత ఉంది. అది గట్టిపడాలి." ఆవిడ వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేశారు.

నేను చీర పక్కకి జరిపాను. తుఫానులో బోటు తిరగబడ్డా బెదరని మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు. "నాకు తెలీదే" అన్నాడు. నాకూ ఏడుపు ఆగలేదు.

మర్నాడు ఆవిడే మమ్మల్ని వెంటబెట్టుకెళ్లి పరీక్ష చేయించారు. కడుపు లేదు. "పాలిచ్చే తల్లికి నెల అటూ ఇటూ అవుతుంది. అలాగని ధీమాగా ఉండకండి" అని నిరోధ్ సంగతీ, కాపర్‌టీ సంగతీ పప్పు వండటం చెప్పినంత మామూలుగా చెప్పారు. నేను కాపర్‌టీ వేయించుకునేదాకా నిరోధ్ కొనే పని మా ఆయనదేనని తీర్పిచ్చారు. బందరులో తెలిసినవాళ్లు చూస్తారని పాపం గుడివాడ దాకా పోయి కొనుక్కొచ్చాడు!

గ్రేసమ్మగారు పోయి చాలా కాలమైంది. ఆవిడ గుమ్మమెక్కేదాకా నా భయం నా ఒక్కదానిదే. ఆవిడ దాన్ని మా ఇద్దరిదీ చేశారు. ఆ ధైర్యంతోనే ఇన్నేళ్లూ కాపురం చేశాను.

ఆ బాబుకే పోయినేడు పెళ్లి చేశాం. పెళ్లికి ముందు సాయంత్రం మా ఆయన వాణ్ణి హార్బరు వైపు తీసుకెళ్లాడు. వాడు తిరిగొచ్చి, "ఏంటమ్మా, నాన్న ఇలాంటివన్నీ మాట్లాడతాడు!" అని చిరాకుపడ్డాడు.

"ఏం చెప్పాడ్రా?"

"బిడ్డ ఎప్పుడో ఆ పిల్లనడగాలంట. ఆ పిల్ల వద్దంటే ఆగాలంట." వాడి గొంతు మెత్తబడింది. "'నాకెవరూ చెప్పకపోతే మీ అమ్మ నాకు దక్కేది కాదురా' అని ఏడ్చాడమ్మా."