తెంచని వింటితాడు

మా మనవరాలు ఇక్కడ మలేసియాలోనే సైబర్‌జయలో ఉద్యోగం చేస్తూ సెలవు రోజుల్లో విలువిద్య నేర్చుకుంటోంది. మొన్నొకసారి నన్ను కారెక్కించుకుని ఆ మైదానానికి తీసుకెళ్లింది. ఆమె విల్లుకి కప్పీలున్నాయి, గురి చూసుకోడానికి చిన్న అద్దముంది, తాడు వదలడానికి చేతికి తగిలించుకునే కొక్కెముంది. అంబులు కార్బన్‌వట. ఒకదాన్ని వేళ్లతో వంచబోతే, "తాతా, పాడైపోద్ది లా!" అని ఇక్కడి మలాయ్ యాస కలిపి లాక్కుంది. నేర్పే అతను మనసు నిలపడం గురించి చాలాసేపు చెప్పాడు. దానికి ఫోనులో పాఠాలున్నాయట. తల ఊపాను.

తిరిగొస్తుంటే దారిలో అడిగింది. "తాతా, నా అంబు ఎప్పుడూ కిందికే పోతంది. ఏటి సెయ్యాల?"

"తాడు వదిలే వేళ్లు చూసుకో," అన్నాను.  అంబు కిందికి పోవడమంటే ఏమిటో నాకు తెలుసు.

నేను బడికి వెళ్లినవాణ్ణి కాను. సరుకులు కట్టొచ్చిన పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని, తర్వాత చేతికి దొరికిన పుస్తకమల్లా చదివాను. తెల్లదొరల ప్రభుత్వం ఇక్కడ మలయాలో కమ్యూనిస్టు తిరుగుబాటు మీద పెట్టిన ఎమర్జెన్సీ గురించి రాసినవీ చదివాను. వాటిలో సైన్యం ఉంది, అడవిలో దాక్కున్నవాళ్లున్నారు, రబ్బరు ధరలున్నాయి. ఇచ్చిన మాటకి కట్టుబడి ఒక పంది వెనకాల వెళ్లిన మనిషి మాత్రం ఎక్కడా లేడు. చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆయన గురించి నేనే రాస్తాను.

మాది తెలుక్ ఇంటాన్‌కి ఎగువన ఒక రబ్బరు తోట. మా అమ్మా నాన్నా జపాన్‌వాళ్లు ఈ దేశాన్ని పట్టుకున్న కాలంలో జ్వరాలతో పోతే మేనమామా, ఆయన భార్యా నన్ను పెంచారు. వాళ్లకి పిల్లల్లేరు. మావ శ్రీకాకుళం వైపు కొండల కింద పల్లెలో పుట్టాడు. మీసాలు రాకముందే విల్లు పట్టాడు, వచ్చాక ఓడెక్కాడు. ఇక్కడ పొద్దున్నే రబ్బరు చెట్లు గీసేవాడు. పని దిగాక వెదురు చెక్కుతూ కూచునేవాడు.

ఎమర్జెన్సీ వచ్చాక మేముండే వరసగదుల చుట్టూ, కూలి లైన్లంటారు వాటిని, ముళ్లకంచె వేశారు. తోటలో ఉన్న తుపాకులన్నీ పోలీసులు పట్టుకెళ్లారు. బియ్యం కొలిచి ఇచ్చేవారు, అవి ఏ ఇంటికీ చాలేవి కావు. అడవిలోవాళ్లకి తిండి చేరకూడదని గేటు దగ్గర మా గిన్నెల మూతలు తీసి చూసేవారు. మా కడుపులు నింపింది కంచె బయట వేసుకున్న కర్రపెండలమే. తుపాకులు పోయిన సంగతి అడవిపందులకి ఎవరు చెప్పారో గాని, మందలుగా వచ్చి ఆ మళ్లు కుళ్లగించేసేవి.

అప్పుడు తోట దొరే మావని పిలిపించాడు. విల్లుతో పందుల్ని కొట్టమన్నాడు. పోలీసులతో తాను మాట్లాడతానన్నాడు. అది నోటిమాట. దొరని కాగితం అడిగే ధైర్యం ఆ రోజుల్లో ఏ కూలీకుంది?

నన్ను తోడు తీసుకెళ్లాలని మావ నాకు నేర్పడం మొదలెట్టాడు. అప్పటికి నాకు ఇరవై దాటాయి. ఎన్నాళ్లయినా చేతికి అంబు ఇవ్వడే. ఉత్త విల్లు ఎత్తమనేవాడు, తాడు చెంప ఎముక దాకా లాగమనేవాడు, మళ్లీ మెల్లగా దించమనేవాడు. భుజం మండిపోయేది.

"మావా, అంబేదీ?"

"నీ కాల్లో దిగుతాదని దాసినాను."

గడపలో కూచున్న అత్త నవ్వింది. "కాల్లో దిగితే పర్నేదురా. నా కోడిపెట్టకి దిగిందా, మావా అల్లుళ్లకి కూడు నేదు."

"మీ అత్తకి నాకన్నా కోడే ఎక్కువ, అల్లుడా."

"కోడి గుడ్డెడతాది. నువ్వేటి ఎడతావు?"

విల్లుకి గట్టునేల మీద పెరిగిన వెదురే కోసేవాడు. నీటి పక్కన పెరిగింది మెత్తనంటాడు. దాన్ని ఒక వానకాలమంతా పొయ్యి మీద పొగకి వేలాడదీసేవాడు. రబ్బరు చెట్లు గీసి అరిగిపోయిన పాలగీత కత్తుల్ని సానబట్టి అంబులకి ములుకులు చేసేవాడు. ఒక అంబుకి కట్టే ఈకలన్నీ పక్షి ఒకే రెక్కవి కావాలి, లేకపోతే గాలిలో వంకర తిరుగుతుందట. ఒకరోజు నేను ఆయన పెద్ద విల్లు అందుకోబోతే చేతి మీద కొట్టాడు. "నీ బలానికి మించింది అట్టుకోకు. నువ్వు దాన్ని లాగవు, అదే నిన్ను లాగుతాది."

మనసు నిలపడం కూడా నేర్పాడు, ఫోను లేకుండానే.

"కళ్లు మూయి. ఏటి ఇనిపిస్తంది?"

"అన్నీ ఇనిపిస్తన్నాయి."

"అన్నీ ఇన్నోడు ఏదీ ఇన్లేడు. ఒక్క సప్పుడు అట్టుకో. దాన్నే అట్టుకుని ఉండు. మిగతావి ఆటికవే ఎలిపోతాయి. అప్పుడు కళ్లు తెరిసి అంబు ఒగ్గు."

వేటకి బయల్దేరేముందు విల్లు నుదుటికి ఆనించి, కనపడని ఆ జంతువుతో పైకే అనేవాడు. "తగిల్తే పడిపో. పడకపోతే నీ ఎనకాల నానొస్తాను." అలా మాటిచ్చి కొట్టినదాన్ని దెబ్బతో వదిలేసి ఇంటికి రాకూడదు. ఆయన పుట్టిన ఊళ్లో అది కట్టుబాటు. వేటగాడు చనిపోతే వింటితాడు కోసి అతని గుండెల మీద పెట్టి పంపడం ఇంకో కట్టుబాటు. ఇతని పని ముగిసింది, ఏ జంతువుకీ బాకీ లేడు అని దానర్థం. ఈ రెండూ ఆయన నాకు వేళాకోళంగా చెప్పలేదు.

ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. నార పేనిన తాడు తడిస్తే సాగిపోతుంది. అందుకని ఏటా అడవిలో తేనెపట్టు పిండి ఆ మైనం రాసేవాడు. ఇప్పుడు అడవిలో కాలు పెడితే కాల్చేస్తారు, మైనమెక్కడిది? మావ ఒక చిప్పెడు రబ్బరు పాలు తెచ్చి తాడుకి పూశాడు. రబ్బరు తోట మనిషికి తప్ప ఇంకొకరికి ఈ ఆలోచన వస్తుందా? వానకి గొడుగులొచ్చేదీ, బూట్లొచ్చేదీ మా చేతుల్లోంచి కారే ఆ పాలతోనే కదా అన్నాడు.

"రేపు నా పాయసంలోనూ ఇయ్యే పోస్తావేటి?" అంది అత్త.

వానల్లో తాడు నిజంగానే ఆగింది. మావ దాన్ని లైనంతా తిప్పి చూపించాడు. ఎండ కాశాకే దాని గుణం బయటపడింది. ఆ పూత వేడికి జిగురెక్కుతుంది. మేం దాన్ని గమనించింది అంబు వదిలాకే.

ఆ రోజు వాన వెలిసి ఎండ చురుక్కుమంది. పొద్దు వాలుతుండగా పెండలం మళ్లోకి పెద్ద మగపంది ఒకటి వచ్చింది. మావ లాగాడు, వదిలాడు. తాడు ఆయన వేళ్లని అంటుకుని ఒక్క క్షణం ఆలస్యంగా జారింది. అంబు గుండెకి దిగువన, పొట్టలో దిగింది. పంది అరిచి, తుప్పల్లోకి పారిపోయింది.

మావ వేళ్లు చూసుకున్నాడు. వాటికి రబ్బరు పీచు అంటుకుని ఉంది.

అంతలో కంచె లోపల గేటు గంట మోగింది. ఇంకాసేపట్లో గేటు వేసేస్తారు. ఆ తర్వాత బయట కదిలినవాడు ఎవడైనా శత్రువే.

"మావా, రేపొద్దున్నొచ్చి ఎతుకుదాం."

"పొట్టలో దెబ్బరా. తెల్లార్లూ సావదు, ఏడుస్తంటాది. మాటిచ్చినాను కదా. నువ్వెల్లి గేటుకాడ సెప్పు, నానొస్తన్నానని. ఇద్దరం ఆగితే మీ అత్త గుండాగిపోద్ది."

పరుగెత్తుకెళ్లి చెప్పాను. గేటు కాపలా మలాయ్ కానిస్టేబుల్ మంచివాడు. గొలుసు వెయ్యకుండా చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "నేనాగుతాను. గస్తీ తిరిగే సైన్యానికి ఎవరు చెప్తారు?" అన్నాడు. అత్త వచ్చి కంచె పట్టుకుంది. వెలుగు ఇంకా పూర్తిగా పోలేదు. తుప్పల వైపు నుంచి తుపాకులు పేలాయి. అత్త అరవలేదు. "పందికేమో," అంది. మళ్లీ, "పందికేరా," అంది నాతో.

తెల్లవారేసరికి మావ పోలీసు ఠాణా అరుగు మీద గుడ్డ కింద ఉన్నాడు. పక్కన విల్లు. తెల్ల అధికారి గుమాస్తా చేత మాకు చెప్పించాడు: ఆయుధంతో కంచె బయట తిరిగే బందిపోటుని కాల్చాం అని. బందిపోటు శవాన్ని ఇంటికివ్వరు. ఆసరికే మైకు బండి తోటంతా తిరిగి, ఒక బందిపోటు చచ్చాడని తమిళంలోనూ మలాయ్‌లోనూ చాటేసింది.

మా దొర అక్కడే ఉన్నాడు. వేటకి పంపింది తానేనని ఒక్క మాట అంటే సరిపోయేది. టోపీ తీసి, అంచు తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. ఆ మనిషి పోయి ఎన్నో ఏళ్లయింది. ఆ టోపీ తుడుచుకోవడం మాత్రం నేను క్షమించలేదు, క్షమించను.

"పంది ఉంది. దాన్లో మావ అంబుంది. చూపిస్తాను," అన్నాను. అధికారి విల్లూ ఒక అంబూ ఇప్పించి, గేటు కానిస్టేబుల్‌ని తోడు పంపాడు. ముందు నా పాలగీత కత్తితో తాడు మీది రబ్బరంతా గీకేశాను. పొరలు పొరలుగా ఊడింది.

రాత్రి మళ్లీ కురిసిన వానకి నెత్తురు మరకలు కొట్టుకుపోయాయి. విరిగిన రెల్లూ, బురదలో గిట్టలూ పట్టుకుని నడిచాను. పంది పోయిన దారిలోనే మావ చెప్పు ఒకటి నాకు దొరికింది. చొక్కాలో పెట్టుకున్నాను. వాగు పక్క ఫెర్న్ మొక్కల్లో పంది పడుంది. చావలేదు. మావ చెప్పినట్టే తెల్లార్లూ చావలేదు.

కానిస్టేబుల్ తుపాకీ ఎత్తాడు. "వద్దు. నీ గుండు దిగితే మా అంబు మాట ఎవరు నమ్ముతారు?" అన్నాను. దించాడు.

 కళ్లు మూసుకున్నాను. వాగు, ఈగలు, ఎక్కడో లారీ, నా ఏడుపు. ఒక్కటి పట్టుకోవాలి. పంది ఊపిరి పట్టుకున్నాను. తెగుతూ తెగుతూ వస్తోంది. మిగతావన్నీ ఒక్కొక్కటే పోయాయి. ఆఖర్న నా ఏడుపు కూడా పోయింది. కళ్లు తెరిచి వదిలాను. ఆ ఊపిరి ఆగింది.

"మాటయిపోయింది మావా," అన్నాను.

పందిని కర్రకి కట్టి ఠాణాకి మోసుకొచ్చాం. అధికారి వంగి పొట్టలోని ములుకుని వేలితో ముట్టుకున్నాడు. నాతో "మంచి గురి," అన్నాడని గుమాస్తా చెప్పాడు. మావని మాకిచ్చేశాడు. చాటింపు మాటేమిటని గుమాస్తా చేత అడిగించాను. కబురు పైకి వెళ్లిపోయింది, ఇక మార్చలేం అన్నాడు. మార్చలేకపోవడమేమిటి? మనిషిని కాల్చడానికి పట్టినంత సేపు కూడా పట్టదు కదా, నోటితో కాదని చెప్పడానికి!

శవాన్ని లేపేముందు లైన్లోని పెద్దాయన కత్తి తీసి వింటితాడు మీద పెట్టాడు. అత్త విల్లు లాక్కుంది.

"నా మెడలో తాడు తెంపినారు, ఊరుకున్నాను. దీని మీద సెయ్యేస్తే ఊరుకోను. ఆయన్ని బందిపోటన్నారు. ఆ మాట ఎనక్కి తీసుకున్నరోజు నానే కోస్తాను."

"కట్టుబాటమ్మా."

"కట్టుబాటు తప్పనోడే అక్కడ పడుకున్నాడు, బాబూ. నాకు సెప్పకండి."

చావింట్లో మాంసం వండరు. అత్త ఆ పందిని కోయించి లైన్లందరికీ పంచింది. "ఆయన పేనం దీనికెట్టినాడు. కుళ్లిపోనిస్తామేటి?" అంది. కరువు రోజులు. అందరూ ఏడుస్తూ తిన్నారు. ఆవిడ ముట్టలేదు.

కొన్నేళ్లకి మెర్దెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చింది. తోటలో కొబ్బరాకులు కట్టారు, మిఠాయిలు పంచారు. మైకు బండి మళ్లీ వచ్చింది, అదే బండి, ఈసారి జెండాలతో. అత్త ఉతికిన చీర కట్టుకుని, విల్లు పట్టుకుని, కొంగులో చిన్న కత్తి ముడేసుకుని గుమ్మంలో నిలబడింది. బండి మలాయ్‌లో చెప్పింది, తమిళంలో చెప్పింది, దేశం మనదయిందని చెప్పింది. పాటలు వేసింది. మలుపు తిరిగి చప్పుడు సన్నగిల్లే దాకా ఆవిడ కదల్లేదు.

"ఆయన మాట ఏటైనా సెప్పినారేటిరా? నాకు అరవం సరిగ్గా అందదు కదా."

"నేదత్తా."

"పాటకి ముందు?"

"నేదు."

"మరిసిపోయుంటారు. పెద్ద పండగ కదా," అని లోపలికెళ్లి, కత్తి తీసి కూరగాయల బుట్టలో పడేసింది. ఆ తర్వాత ఏ బండి వచ్చినా బయటికి రాలేదు. చివరి రోజుల్లో విల్లు నాకిస్తూ ఒక్కటే అంది: "తొందరపడి కొయ్యకు."

మొన్న మైదానం నుంచి వచ్చాక మనవరాలు బీరువాలోంచి ఆ విల్లు తీసి చూసింది. తాడుని వేలితో తడిమింది. నేను గీకినా పోని రబ్బరు మరకలు అక్కడక్కడా నల్లగా ఉన్నాయి.

"తాతా, ఇది పాడైపోయింది. కట్ చేసేసి కొత్తది ఏస్తానా?"

ఆమెకి తెలుగు తక్కువ. అయినా ఈ కథంతా తెలుగులోనే చెప్పాను. అర్థం కానిచోట ఆపి అడిగింది.  అయ్యాక విల్లుని రెండు చేతులతో, తాడు నలగకుండా, ఉన్నచోటే పెట్టి బీరువా మూసింది.